పెద్దాయన పైకి వెళ్ళాడు

ఆ రోజు పొద్దున్న బావమరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లినిక్కు తలుపులు తీసి, పేషెంట్లు రాకముందే అక్వేరియంలో నాలుగో వంతు నీళ్ళు తోడేయాలి. నిన్నటి నుంచి రెండు బకెట్లలో నిలవబెట్టిన నీళ్ళలో ఒక బకెట్టు మెల్లగా పోయాలి. అద్దానికి పట్టిన పాచి గీకి, చేపలకి రెండు చిటికెల మేత వేసి, చేతులు తుడుచుకుని తన కుర్చీలో కూర్చోవాలి. అంతే. ఇందులో మనుషుల ప్రాణాల ప్రస్తావన ఎక్కడా లేదు.

బావమరిది అంటే పళ్ళ డాక్టరుగారి బావమరిది. క్లినిక్కులో ఫోనెత్తేదీ, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేదీ, ఏడ్చేవాళ్ళని ఊరుకోబెట్టేదీ అతనే. డాక్టరుగారు పొద్దస్తమానం "ఏమోయ్ బావమరిదీ" అని కేకేయడం విని విని పేషెంట్లు కూడా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ముప్పై దాటిన ఈ మనిషి ఇంతకుముందు పుట్టగొడుగులు పెంచాడు, తేనెటీగలు పెంచాడు, కుందేళ్ళు పెంచాడు. పుట్టగొడుగులు కుళ్ళిపోయాయి, తేనెటీగలు చెప్పాపెట్టకుండా లేచిపోయాయి. కుందేళ్ళు మాత్రం అనుకున్నదానికన్నా బాగా పెరిగి, కంచె కిందనుంచి సొరంగం తవ్వుకుని, పక్కింటివాళ్ళ కూరగాయల మడి మొత్తం మేసేశాయి. ఇక లాభం లేదని అక్క తన భర్తతో గట్టిగా చెప్పి తమ్ముణ్ణి ఈ బల్ల వెనక కూర్చోబెట్టింది.

అక్వేరియం కూడా అక్క ఆలోచనే. చేపల్ని చూస్తూ కూర్చుంటే పేషెంట్లకి భయం తగ్గుతుందని ఎక్కడో చదివింది. నాలుగు బకెట్ల నీళ్ళు పట్టే గాజుపెట్టె తెప్పించి, "ఈ ఒక్క పనైనా చివరిదాకా చెయ్యరా తమ్ముడూ" అని అప్పజెప్పింది. బావమరిది ఆ మాటని గుండెల్లో పెట్టుకున్నాడు. మొదటి వారంలోనే పెట్టెని, రాళ్ళని, నీళ్ళు వడకట్టే స్పాంజిని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి పారేశాడు. పెట్టె తళతళలాడింది. రెండు రోజుల తర్వాత చేపలు ఒకదాని వెనక ఒకటి తేలాయి.

"స్పాంజిని సబ్బుతో కడిగావా?" అన్నాడు చేపల షాపాయన నెత్తిన చెయ్యి పెట్టుకుని. "అందులో మంచి క్రిములుంటాయి తమ్ముడూ. చేపలు చేసిన మురికంతా తిని నీళ్ళని బాగుచేసేవి అవే. ఇల్లు ఊడ్చే మనిషిని గొంతు పిసికి చంపి, ఇల్లు ఎందుకు కంపు కొడుతోందని అడుగుతున్నావు నువ్వు."

ఆ తర్వాత బావమరిది నెల రోజులు ఒక్క చేప కూడా వేయకుండా, ఉత్త నీళ్ళకి మోటారు పెట్టి, వాటికెదురుగా కూర్చున్నాడు. చేపలేవని పేషెంట్లు అడిగితే, "వస్తాయండీ, ముందు క్రిములు బాగా పెరగాలి" అని చెప్పేవాడు. లోపల నోళ్ళలో క్రిముల్ని చంపడానికి చెమటోడుస్తున్న డాక్టరుగారు ఒకరోజు ఈ మాట విన్నాడు.

"ఏమోయ్, నేను లోపల చంపుతుంటే నువ్వు బయట పెంచుతున్నావా? ఒక్కటే చెబుతున్నా. ఈసారి ఇందులో ఒక్క చేప తేలినా ఈ పెట్టె ఎత్తించేసి నాలుగు కుర్చీలు వేయిస్తాను. మీ అక్క చెప్పినా వినను."

బావమరిది కొత్త చేపల్ని తెచ్చి, ఒక్కొక్కదాన్నీ కంటికి రెప్పలా చూసుకున్నాడు. వాటికి పేర్లు కూడా పెట్టాడు. అరచేయంత పొడుగున్న బంగారు రంగు చేప పెద్దాయన. మేత పడగానే తలలు కొట్టుకునే రెండు చారల చేపలు తోడికోడళ్ళు. వెండి ముక్కల్లా గుంపుగా తిరిగే చిన్నవన్నీ కలిపి పిల్లలు. ఆర్నెల్లయింది, ఒక్కటీ పోలేదు. జీవితంలో మొదటిసారి తను పెంచినవి తను పెంచినచోటే ఉన్నాయి.

ఆ రోజు పొద్దున్న నీళ్ళు మార్చి అతను చేతులు తుడుచుకుంటుండగా డాక్టరుగారు వచ్చాడు. వస్తూనే గొంతు తగ్గించి, "ఇవాళ ఆ పెద్ద స్కూలు హెడ్మిస్ట్రెస్సుగారు వస్తున్నారు. వాళ్ళాయనకి దవడ పన్ను తీయాలి. మన పనితనం నచ్చితే స్కూలు పిల్లలందరి పళ్ళ పరీక్షా మనకే ఇస్తారట. నువ్వు నోరు మూసుకుని, నవ్వుతూ కూర్చో, చాలు" అన్నాడు.

"నోరు మూసుకుని నవ్వడం ఎలా బావా?"

"అదీ నేనే చెప్పాలా?"

హెడ్మిస్ట్రెస్సుగారు చెప్పిన వేళకి ఒక నిమిషం ముందే వచ్చారు. పొడుగాటి మనిషి. ఆవిడ గదిలోకి అడుగుపెట్టగానే, బుగ్గ వాచిపోయి కూర్చున్న బిల్డింగు కాంట్రాక్టరు తెలియకుండానే లేచి నిలబడి, ఎందుకు లేచాడో గుర్తురాక మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ వెనక వాళ్ళాయన, రిటైరైన సర్వేయరు, ఎక్కువ మాట్లాడని సన్నటి మనిషి, అక్వేరియం పక్క కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. ఆవిడ మాత్రం కూర్చోకుండా గోడకున్న పళ్ళ పటం దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, అందులోని అక్షరదోషాలు దిద్దసాగారు. బావమరిది వెనక గదిలో ఖాళీ బకెట్టు సర్దుతుండగా డాక్టరుగారు తలుపు తీసి, "పెద్దాయన్ని లోపలికి రమ్మనండి" అన్నాడు. సర్వేయరుగారు గబుక్కున లేచి, కోటు జేబు తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది.

బావమరిది తిరిగొచ్చి అలవాటుగా అక్వేరియం వైపు చూశాడు. చూసినవాడు చూసినట్టే ఆగిపోయాడు. పెద్దాయన నీళ్ళపైకొచ్చి, ఒక పక్కకి ఒరిగి, నోరు తెరుచుకుని తేలుతున్నాడు. తోడికోడళ్ళు జీవితంలో మొదటిసారి పోట్లాడుకోకుండా, ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలి తూలుతున్నారు. పిల్లలు ఒక మూలకి చేరి చెల్లాచెదురుగా ఒరిగిపోయారు.

 అయినా అతని బుర్ర పనిచేసింది. ముందు హెడ్మిస్ట్రెస్సుగారి కంట పడకూడదు. ఉతికి మడతపెట్టిన ఆకుపచ్చ దుప్పటి తీసి పెట్టె మీద కప్పేశాడు. బల్ల దగ్గరికి పరిగెత్తి, ఆవిడకి వీపు పెట్టి నిలబడి, చేపల షాపుకి ఫోను చేశాడు.

"అన్నా, నేనే. కొంప మునిగింది. పెద్దాయన పైకి వెళ్ళిపోయాడు."

వెనక పటం మీద గీస్తున్న పెన్ను ఆగింది.

"కంగారుపడకు తమ్ముడూ. నోరు ఆడిస్తున్నాడా?" అన్నాడు షాపాయన అవతల తాపీగా.

"నోరు తెరుచుకునే ఉంది. ఒక పక్కకి ఒరిగిపోయాడు. ఉలుకూ పలుకూ లేదు."

"మిగతావాళ్ళు?"

"తోడికోడళ్ళిద్దరూ తూలిపోతున్నారన్నా. పిల్లల సంగతైతే చూడలేకపోతున్నాను."

హెడ్మిస్ట్రెస్సుగారికి ఇద్దరు కోడళ్ళు. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఇంత ఘోరం తనకంటే ముందు వాళ్ళకి ఎలా తెలిసిందో ఆవిడకి అర్థం కాలేదు. మామగారంటే వాళ్ళకి ఇంత అభిమానం ఉందని మాత్రం ఆ క్షణందాకా తెలియదు. ఆవిడ పటం పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"డాక్టరుగారికి చెప్పావా?" అవతలి గొంతు అడిగింది.

"చెబితే ఇంకేమైనా ఉందా! ఎత్తి బయట పారేయమంటాడు. పోయినసారి అందరూ వరసపెట్టి పోయినప్పుడే, ఇంకొక్కరు పోయినా ఊరుకోనన్నాడు. వాళ్ళందర్నీ వెనకాల మొక్కల దగ్గర పాతిపెట్టింది నేనేగా. ఇప్పుడక్కడ చోటు కూడా లేదు."

కాంట్రాక్టరు బుగ్గ మీది చెయ్యి తీసేశాడు. చడీచప్పుడూ లేకుండా లేచి, "నాకు నొప్పి తగ్గిపోయింది" అని ఎవరికీ వినపడకుండా చెప్పి, వీధి తలుపు దాకా మెల్లగా నడిచి, అక్కణ్ణుంచి పరిగెత్తాడు.

"ముందు గాలి అందాలి తమ్ముడూ," అన్నాడు షాపాయన. "నిలవ నీళ్ళు ఇంకో బకెట్టు ఉన్నాయిగా, అందులోకి మార్చి గాలి మోటారు పెట్టు. నేను ఆక్సిజన్ ఇచ్చి మనిషిని పంపుతాను."

"ఆక్సిజన్ త్వరగా పంపన్నా! ప్రాణం ఇంకా కొంచెం కొట్టుకుంటోంది."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే, మూరెడు దూరంలో హెడ్మిస్ట్రెస్సుగారు నిలబడి ఉన్నారు. ముఖం సున్నం కొట్టినట్టుంది. గొంతు మాత్రం ప్రార్థన వేళ పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతే.

"బాబూ, నాకు నిజం చెప్పు. పెద్దాయనకి ఎలా ఉంది?"

దుప్పటి కప్పినా ఈవిడ చూసేసిందన్నమాట, అనుకున్నాడు బావమరిది. ఇక దాచి లాభం లేదు.

"మేడం, దయచేసి గట్టిగా అనకండి. డాక్టరుగారికి ఇంకా తెలియదు."

"డాక్టరుకే తెలియదా? మరి లోపల ఏం చేస్తున్నాడు?"

"పీకుతున్నారు మేడం. ఆ పనిలో ఉంటే పక్కన ఏం జరిగినా తలెత్తరు."

"ఇంకా పీకుతూనే ఉన్నాడా!"

"అది మొండి పన్నట మేడం, ఆలస్యమవుతుంది. పెద్దాయన సంగతి నాకు వదిలేయండి. వయసు మీద పడింది. దానికితోడు వచ్చినవాళ్ళందరూ ముద్దుగా ఉన్నాడని ఏదో ఒకటి పెట్టేస్తుంటారు. వద్దని ఎంత చెప్పినా వినరు."

"నేనూ అదే మొత్తుకుంటున్నాను. వినరు" అన్నారావిడ, ఆ దుఃఖంలోనూ న్యాయం ఒప్పుకుంటూ.

"మీరు ధైర్యంగా కూర్చోండి మేడం. ఈసారి మాత్రం నేను పోనివ్వను. ఏదేమైనా సరే, పెద్దాయన్ని బతికించి తీరతాను" అని బావమరిది చేతులు పైకి మడిచి, దుప్పటితో సహా పెట్టెలోకి దూరినంత పని చేసి, చేపల్ని ఒక్కొక్కటిగా చెంబులోకి తీసుకుని వెనక గదిలోకి పరుగుతీశాడు.

కూర్చునే మనిషి కాదావిడ. వెనక్కి కూడా చూడకుండా తిన్నగా డాక్టరు గది తలుపు దగ్గరికి వెళ్ళి దబదబా బాదారు. "ఏవండీ! ఏవండీ!"

నోటినిండా పనిముట్లతో ఉన్న సర్వేయరుగారు భార్య పిలిస్తే పలక్కుండా ఉండే అలవాటు లేక, లోపల్నుంచి "ఊఁ... ఆఁ..." అని దీర్ఘంగా మూలిగాడు. ఆ వెంటనే డాక్టరుగారి గొంతు హుషారుగా వినిపించింది. "లోపలికి రాకండి మేడం! అయిపోయింది, అంతా అయిపోయింది!"

నిజానికి అప్పటికి పన్ను సగం కూడా రాలేదు. పేషెంటుకి ధైర్యం కోసం పని మొదలుపెట్టగానే అయిపోయిందనడం డాక్టరుగారి వాడుక.

హెడ్మిస్ట్రెస్సుగారు ఏడవలేదు. ఏడుపుకి తర్వాత చాలా తీరిక ఉంటుంది. మనిషి ఇంకా మూలుగుతున్నాడు, డాక్టరేమో అయిపోయిందంటున్నాడు. అంటే వీళ్ళు ఆశ వదులుకున్నారు. తను వదులుకోదు. ఆవిడ ఫోను తీసి ముందు అంబులెన్సుకి చెప్పారు. "ఆక్సిజన్ తీసుకుని రండి. ఇక్కడి డాక్టర్ని నమ్మడానికి లేదు." తర్వాత స్కూలుకి చేసి డ్రిల్లు మాస్టరుతో, "ఇక్కడ పళ్ళ క్లినిక్కులో పెద్దాయన పరిస్థితి బాగాలేదు. నేను ఇవాళ రాలేను. మీరు చూసుకోండి" అన్నారు.

డ్రిల్లు మాస్టరు ఆ గొంతు ఇరవయ్యేళ్ళుగా వింటున్నాడు. అది వణకడం మాత్రం ఇదే మొదటిసారి. బాగాలేదంటే లేదనే అర్థమని అతను తీర్మానించాడు. "మీరు చూసుకోండి" అన్నమాటకి సెలవు ఇచ్చేయమనే అర్థమని కూడా తీర్మానించాడు. లాంగ్ బెల్లు మోగింది. కారణం తెలియని పిల్లలు కేరింతలు కొడుతూ ఇళ్ళకి పోయారు. కారణం తెలిసిన టీచర్లు తలలు వంచుకుని స్కూలు వ్యాను ఎక్కారు, దారిలో పూలు కొన్నారు.

వెనక గదిలో బావమరిదికి ఇవేవీ తెలియవు. బకెట్లో గాలి బుడగలు గలగలమంటుంటే, మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దాయన్ని రెండు చేతుల మధ్య నిలువుగా పట్టుకుని, బుడగల మీదుగా మెల్లగా ముందుకీ వెనక్కీ నడిపిస్తున్నాడు. మొప్పల మీదుగా నీళ్ళు పారితే ఊపిరి అందుతుందని షాపాయన ఎప్పుడో చెప్పాడు. "లే పెద్దాయనా, లే. నువ్వు పోతే ఆ పెట్టె పోతుంది. పెట్టె పోతే అక్క ఏమీ అనదు. అనకుండా ఒక చూపు చూస్తుంది. కుందేళ్ళప్పుడు చూసిందే, అది" అంటూ బతిమాలుతున్నాడు. చేతులు చల్లబడి మొద్దుబారాయి. అయినా వదల్లేదు.

ఇంతలో ముందు గదిలోంచి, "ఆక్సిజన్ ఎవరికండీ?" అని గట్టిగా వినిపించింది.

"ఇటు! ఇటు తీసుకురా! పెద్దాయన ఇక్కడున్నాడు!" అని అరిచాడు బావమరిది.

యూనిఫాం వేసుకున్న మనిషి, భుజాన సిలిండరుతో, చేతిలో గొట్టాలతో పరిగెత్తుకొచ్చాడు. అతని వెనక హెడ్మిస్ట్రెస్సుగారు. షాపాయన గాలి నింపిన సంచి పంపుతాడనుకున్న బావమరిదికి, అంత పెద్ద సిలిండరు చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. మంచి మనుషులు ఇంకా ఉన్నారు లోకంలో.

"పేషెంటు ఎక్కడ?" అన్నాడు అంబులెన్సు మనిషి చుట్టూ చూస్తూ.

"బకెట్లో."

అంబులెన్సు మనిషి బకెట్లోకి చూశాడు. గొట్టాల చివరనున్న మాస్కుని చూసుకున్నాడు. మళ్ళీ బకెట్లోకి చూశాడు. "ఈ సైజు మా దగ్గర లేదండీ" అన్నాడు.

"ఇదేమిటి?" అన్నారు హెడ్మిస్ట్రెస్సుగారు.

"పెద్దాయన, మేడం."

"ఇది పెద్దాయనైతే మా పెద్దాయన ఏడీ?"

సరిగ్గా ఆ సమయానికి ఆవిడ పెద్దాయన, అంటే సర్వేయరుగారు, పన్ను పీకించుకుని, దవడలో దూది కుక్కుకుని, నోరు ఒక పక్కకి జారిపోయి, మాట పెగలని స్థితిలో ముందు గదిలోకి వచ్చాడు. అక్కడ భార్య లేదు. స్కూలు టీచర్లందరూ పూలు పట్టుకుని, తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని వరసగా నిలబడి మౌనం పాటిస్తున్నారు. ఎవరో పాపం పోయారని ఆయనకి అర్థమైంది. ఎవరని అడగడానికి నోరు లేదు. సభ్యత తెలిసిన మనిషి గనక వరస చివర, డ్రాయింగు మాస్టరు పక్కన, తనూ తల వంచుకుని నిలబడ్డాడు. డ్రాయింగు మాస్టరు కళ్ళు తెరవకుండానే ఆయన చేతిలో రెండు పూలు పెట్టి, "చాలా మంచి మనిషండీ" అన్నాడు. సర్వేయరుగారు తలూపాడు. డ్రాయింగు మాస్టరు ఒక కన్ను తెరిచాడు.

అతను పెట్టిన కేకకి వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఆగిపోయారు. వెనక గదిలోంచి హెడ్మిస్ట్రెస్సుగారు, లోపల్నుంచి డాక్టరుగారు ఒకేసారి పరిగెత్తుకొచ్చారు. ఆవిడ భర్తని నఖశిఖపర్యంతం చూసి, చెయ్యి పట్టుకుని చూసి, బతికే ఉన్నాడని రూఢి చేసుకున్నాక, కోపం తెచ్చుకున్నారు. టీచర్లు పూలు వెనక్కి దాచుకున్నారు. విషయం బోధపడడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యేకొద్దీ డాక్టరుగారి ముఖం ఎర్రబడింది.

"డాక్టరుగారూ, మా స్కూలు పిల్లల్ని మీ గడప తొక్కనివ్వను" అన్నారావిడ.

డాక్టరుగారు ఆ కోపాన్ని అలాగే తీసుకెళ్ళి వెనక గది గుమ్మంలో దింపాడు. "ఏమోయ్! లే అక్కణ్ణుంచి! ఇవాళే ఆ పెట్టె ఎత్తించేస్తాను!"

బావమరిది తలెత్తలేదు. చొక్కా తడిసి ముద్దయింది. చేతులు ఇంకా బకెట్లోనే ఉన్నాయి. "ఎత్తించెయ్యండి బావా. తిట్టండి కూడా. కానీ కాసేపాగి తిట్టండి. ఇది లేచేదాకా నేను కదలను. నిలవ నీళ్ళు పోశాను, కొలత ప్రకారం మేత వేశాను, స్పాంజిని ముట్టుకోలేదు. ఈసారి నేను తప్పు చేయలేదు బావా. ఎందుకిలా అయిందో నాకు తెలియాలి."

గుమ్మంలో గుంపు చేరింది. ఆ గుంపులోంచి సర్వేయరుగారు ముందుకొచ్చి బకెట్టు చూశాడు. తలతిప్పి అక్వేరియం చూశాడు. మొదటిసారి ఆయన ముఖంలో నిజమైన భయం కనిపించింది. కోటు జేబులో చెయ్యి పెట్టి చూపుడు వేలంత ఖాళీ సీసా ఒకటి తీసి, భార్యవైపు చూడకుండా డాక్టరుగారి చేతిలో పెట్టి, "లవంవ... ఊనె" అన్నాడు.

డాక్టరుగారు సీసా వాసన చూశాడు. అక్వేరియం దగ్గరికెళ్ళి మూత తీసి వాసన చూశాడు. లవంగ నూనె. పళ్ళ క్లినిక్కులో ఎప్పుడూ ఉండే వాసనే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

"పంటి మీద ఈ నూనె పోయొద్దు, చిగురు కాలుతోందని పోయినసారే చెప్పాను కదండీ!"

"నేనూ చెప్పాను," అన్నారు హెడ్మిస్ట్రెస్సుగారు. "ఇంట్లో ఉన్న సీసాలన్నీ పారేశాను. ఇదెక్కడిది?"

సర్వేయరుగారు పూలు పట్టుకున్న చేతులతోనే అభినయించి చూపించాడు. జేబులో సీసా ఉంది. డాక్టరు పిలిచాడు. భార్య పటం దిద్దుకుంటోంది. పక్కనే పెట్టె, పెట్టె మూతకి మేత వేసే కంత. ఒంపేశాడు. ఖాళీ సీసా మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

డాక్టరుగారికి నవ్వు ఆగలేదు. "ఒరేయ్, ఇది జబ్బు కాదురా. మత్తు! లవంగ నూనె చేపలకి మత్తుమందు. నేను లోపల ఈయనకి మత్తిచ్చాను, ఈయన బయట వాటికిచ్చి వచ్చాడు. నువ్వు వెంటనే మంచి నీళ్ళలోకి మార్చావు గనక బతికిపోయాయి. ఇంకాసేపు ఆ నూనె నీళ్ళలో ఉంటే నిజంగానే పోయేవి."

ఆ మాట పూర్తవుతుండగానే బకెట్లో పిల్లలు ఒక్కొక్కరే కదిలారు. తర్వాత తోడికోడళ్ళకి స్పృహ వచ్చింది, రాగానే తలలు కొట్టుకున్నారు. చివరికి బావమరిది చేతుల మధ్యనున్న పెద్దాయన తోక ఒకసారి ఝాడించి, నిటారుగా నిలబడి, చేతుల్లోంచి జారి బకెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. టీచర్లు చప్పట్లు కొట్టారు. సర్వేయరుగారి నోరు ఇంకా వంకరగానే ఉంది. బావమరిది మాత్రం తడిచేతులతో ముఖం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడుచుకున్నాడు. డాక్టరుగారు చూడనట్టు అటు తిరిగాడు.

చప్పట్లు ఆగాక డ్రిల్లు మాస్టరు బెరుగ్గా, "మేడం, పిల్లల్ని ఇళ్ళకి పంపేశాం. రేపు అందరూ ఎందుకని అడుగుతారు. ఏం చెప్పమంటారు?" అన్నాడు.

తన మూలంగా స్కూలు మొత్తం ఒక చేపకి సెలవు పాటించిందని ఊళ్ళో అనుకుంటారు. హెడ్మిస్ట్రెస్సుగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఎర్ర పెన్ను మూత బిగించి సంచిలో వేసుకున్నారు. "ఇవాళ టీచర్లందరికీ పళ్ళ పరీక్ష. అందుకే సెలవు. వరసలో నిలబడండి."

ఇద్దరు ముగ్గురు మెల్లగా వ్యాను వైపు జరిగారు. ఆవిడ వెళ్ళి వీధి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. డాక్టరుగారు పొద్దుగూకేదాకా తలెత్తలేదు. వచ్చినందుకు ఒట్టి చేతుల్తో పోవడమెందుకని అంబులెన్సు మనిషి కూడా ఒక పన్ను చూపించుకున్నాడు. షాపాయన పంపిన గాలిసంచి మధ్యాహ్నం వచ్చింది, దాన్ని పన్ను పీకించుకున్నవాళ్ళకి దిండుగా వాడారు. పోతూ పోతూ హెడ్మిస్ట్రెస్సుగారు, పిల్లల పళ్ళ పరీక్ష ఈ క్లినిక్కుకేననీ, స్కూల్లో కూడా ఇంతకి రెండింతల అక్వేరియం పెట్టిస్తున్నామనీ, దాని బాధ్యత బావమరిదిదేననీ ప్రకటించారు. "చేతకానివాళ్ళు వెంటనే వదిలేస్తారు. నువ్వు వదల్లేదు" అన్నారు అతనితో. అక్కకి ఫోను చేసి ఈ మాట చెబుదామనుకున్నాడు గానీ, "ఒక్కరూ పోలేదక్కా" అని పెట్టేశాడు.

పెట్టె అక్కడే ఉండిపోయింది. అయితే డాక్టరుగారు ఒక కట్టడి చేశాడు. ఇకమీదట చేపలకి మనుషుల పేర్లు, వరసలు పెట్టకూడదు, ఒకటి రెండు మూడని నంబర్లు పెట్టుకోవాలి. స్కూలు వల్ల రద్దీ పెరిగి, వచ్చిన పేషెంట్లకి కూడా ఆ వారం నుంచే నంబరు చీటీలు ఇవ్వడం మొదలుపెట్టారు. సోమవారం పొద్దున్న గది కిటకిటలాడుతుండగా బావమరిది షాపాయనకి ఫోను చేసి, చాలా జాగ్రత్తగా, "అన్నా, నాలుగో నంబరు పొద్దుట్నుంచీ అదోలా ఉన్నాడు. మిగతావాళ్ళకి అంటుకోకముందే తీసేద్దామా?" అన్నాడు.

కిటికీ పక్కన పన్ను నొప్పితో కూర్చున్న పోస్టుమాస్టరు తన చీటీ ఒకసారి చూసుకుని, దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టి, వెళ్ళిపోయాడు. ఆయనకి ఆ పన్ను ఇప్పటికీ అలాగే ఉంది.